లెనిన్ బాబు నుంచి కియారా శ్రీ దాకా: బెజవాడ, గుంటూరు ఇళ్లలో పరాయి పేర్లు

బిడ్డ పుట్టి నెల తిరక్కుండానే ఇంట్లో పంచాయతీ మొదలవుతుంది. తల్లిదండ్రులు ఫోన్లో వెతికి కియారా అనో, మైరా అనో, లియామ్ అనో ఖాయం చేసుకుంటారు. నాయనమ్మకు నోరు తిరగదు. పంతులుగారు నక్షత్రానికి కుదరదంటారు. తాతయ్య ‘మన పేర్లకేం రోగమొచ్చింది’ అంటాడు. ఆ తాతయ్య పేరు మస్తాన్ రావో, ఆయన తమ్ముడి పేరు స్టాలిన్ బాబో అయ్యుంటే గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఎవరూ వింతపడరు. పరాయి పేర్లు ఇక్కడికి ఎప్పటినుంచో వస్తూనే ఉన్నాయి. కాకపోతే పాత పేరు వెనక ఒక దర్గానో, చర్చో, పార్టీ ఆఫీసో ఉండేది. దాన్ని ఎలా పలకాలో, ఎలా రాయాలో ఊళ్లో పదిమందికి తెలిసేది. ఫోన్లో దొరికిన పేరుకు అలాంటి ఊరు లేదు. ఇప్పటి చిక్కుల్లో చాలావాటికి మూలం అదే.

మొక్కుతో వచ్చిన పేర్లు

గుంటూరులో కాలే మస్తాన్ వలీ దర్గాకు మతంతో పని లేకుండా జనం వెళ్తారు. పిల్లలు పుట్టకపోయినా, పుట్టి దక్కకపోయినా అక్కడ మొక్కుకుని, బిడ్డ నిలిచాక బాబా పేరే పెట్టుకోవడం పాత ఆచారం. మస్తానయ్య, మస్తాన్ రావు, మస్తానమ్మ అలా వచ్చినవే. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కినవాళ్ల ఇంట సైదులు, సైదమ్మ, సైదారావు పుట్టారు. తమిళనాట నాగూరు దర్గా పేరు నాగూరయ్య, నాగూరమ్మ అయింది. దస్తగిరి ఇంకా దూరం నుంచి వచ్చాడు. బాగ్దాద్‌కు చెందిన సూఫీ గురువు అబ్దుల్ ఖాదిర్ జీలానీకి ‘చేయి పట్టుకుని నడిపించేవాడు’ అనే అర్థంలో ఉన్న పారశీక బిరుదు అది.

వీటిని పరాయి పేర్లని ఇవాళ ఎవరూ అనుకోరు. కారణం వాటి తోకలో ఉంది. అయ్య, అమ్మ, రావు, లు తగిలించగానే ఏ పేరైనా తెలుగు నోటికి లొంగుతుంది. బిడ్డ దక్కాలని పెంటయ్య, పుల్లయ్య, పిచ్చమ్మ అని పెట్టుకున్న కాలంలో మస్తానమ్మ ఎంతో గౌరవమైన పేరు.

మిషన్ బడి, రెండు రికార్డులు

అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. ఆ మిషన్ బళ్లు, ఆస్పత్రులు, 1885లో మొదలైన కళాశాల నగరం రూపురేఖలనే మార్చాయి. బాప్తిస్మంతో కొత్త పేర్లు వచ్చాయి, అవీ రెండు దారుల్లో. తెలుగు బైబిల్ దారిలో యోహాను, పౌలు, యాకోబు, ఎస్తేరు, రూతు వస్తే, దొరల ఇంగ్లిష్ దారిలో జాన్, పాల్, జేకబ్, ఎస్తర్, రూత్ వచ్చారు. ఒకే కుటుంబంలో తాత యోహాను, మనవడు జాన్ బాబు కావడం మామూలే. 1895లో వినుకొండలో పుట్టిన మహాకవి గుర్రం జాషువా పేరే చూడండి. తెలుగు బైబిల్లో ఆ పేరు యెహోషువ. జాషువా అన్నది ఇంగ్లిష్ పలుకుబడి. మూడో దారీ ఉంది: దేవదానం, కృపారావు, ఆశీర్వాదం, సువార్తమ్మ. మతం బయటిదైనా పేరు అచ్చంగా ఇక్కడే తయారైంది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవం తీసుకున్న దళితులకు ఎస్సీ హోదా వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లను బీసీ-సీలో చేర్చారు. దాంతో చర్చిలో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు ఉంచుకోవడం చాలా కుటుంబాలకు బతుకు లెక్క అయింది. పిలిచే పేరు, రాసే పేరు వేరువేరుగా ఉండటం ఈ జిల్లాల్లో అక్కడే స్థిరపడింది. ఈ సంగతి తెలియకుండా ‘రెండు పేర్లెందుకు’ అని నవ్వడం తేలిక.

మారుపేర్లే అసలు పేర్లయిన కాలం

పేరుతో లోకాన్ని ధిక్కరించవచ్చని విజయవాడకు బాగా నేర్పింది నాస్తికోద్యమ నేత గోరా. నాస్తిక కేంద్రాన్ని 1940లో ముదునూరులో మొదలుపెట్టి, 1947లో విజయవాడ పటమటకు తెచ్చాడు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పెట్టాడు. ఇంకో కొడుకు సమరం. తొమ్మిదో సంతానానికి హిందీ అంకెతో నౌ. దేవుడి పేరు రాకూడదంతే, ఇంకే నియమమూ లేదు.

కమ్యూనిస్టు ఇళ్లలో ఆ ఖాళీని రష్యా నింపింది. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులోనే అచ్చేసిన పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికేవి. పిల్లలకు పేర్లు ఆ అట్టల మీద నుంచే దిగాయి. తమాషా ఏమిటంటే, అలా వచ్చిన మగపేర్లలో పెద్దవేవీ రష్యాలో పిల్లలకు పెట్టుకునే పేర్లు కావు. లెనిన్ అసలు ఇంటిపేరు ఉల్యనోవ్, స్టాలిన్‌ది జుగష్విలి. గోర్కీ అంటే ‘చేదు’, అలెక్సీ పెష్కోవ్ పెట్టుకున్న కలంపేరు. అజ్ఞాతవాసపు మారుపేర్లు, కలంపేర్లు కృష్ణా డెల్టాలో బారసాల పేర్లయ్యాయి. ఆడపిల్లల సంగతి ఇంకోలా ఉంది. నటాషా అంటే నటాలియాకు, తాన్యా అంటే తత్యానాకు, సోనియా అంటే సోఫియాకు ముద్దుపేర్లు, సుబ్బలక్ష్మిని సుబ్బులు అన్నట్టు. మనకు ముద్దుపేరే పూర్తి పేరై, బడి రిజిస్టరెక్కింది. 1961 ఏప్రిల్‌లో గగారిన్, 1963 జూన్‌లో వాలెంటీనా తెరిష్కోవా రోదసిలోకి వెళ్లాక ఆ పేర్లూ జాబితాలో చేరాయి.

నికిత కథ అన్నిటికంటే అడ్డంగా నడిచింది. 1955లో భారత్‌కు వచ్చిన సోవియట్ నేత క్రుశ్చేవ్ పేరు నికీతా, రష్యాలో అది నూటికి నూరుపాళ్లు మగపేరు. చివర ‘ఆ’ ఉండేసరికి తెలుగు చెవికి అమ్మాయిగా వినపడుతుంది, సంస్కృత పదంలాగా కూడా. ఇప్పుడు ఇక్కడ నికితలందరూ ఆడపిల్లలే.

వోల్గాకు మాత్రం ఇక్కడ మొదటినుంచీ ఎదురు లేదు. కృష్ణవేణి, గోదావరి, గంగ, యమున అని కూతుళ్లకు నదుల పేర్లు పెట్టుకునే జనానికి ఇంకో నది బరువవుతుందా? విజయవాడలో విలువిద్య నేర్పే వోల్గా ఆర్చరీ అకాడమీ ఉంది. ఆ చెరుకూరి వారింటి తోబుట్టువులు లెనిన్, వోల్గా ఇద్దరూ విలువిద్యలో పేరు తెచ్చుకున్నవాళ్లే. గుంటూరులో పుట్టిన రచయిత్రి పి. లలితకుమారి కలంపేరూ ఓల్గానే. ఇక్కడో మెలిక గమనించాలి. రష్యన్‌లో వోల్గా నది, ఓల్గా ఆడపేరు, రెండిటికీ సంబంధం లేదు. మన నాలుక మొదట్లో ఓ, వో తేడా పట్టించుకోదు కాబట్టి తెలుగు రాతలో రెండూ కలిసిపోయాయి. ఇంగ్లిష్ లిపికి వెళ్లగానే విడిపోతాయి: ఒకటి ‘వీ’తో, ఇంకోటి ‘ఓ’తో మొదలవుతుంది. ఒక సర్టిఫికెట్లో అలా, ఇంకోదాంట్లో ఇలా పడితే కాగితాల లెక్కలో ఇద్దరు మనుషులు.

ఆ తర్వాత అమెరికా వచ్చింది. ముందు గుంటూరు వైద్య కళాశాల డాక్టర్లు, 1990ల నుంచి కంప్యూటర్ ఇంజినీర్లు వెళ్లారు. అక్కడి టీచరు తడబడకుండా పలకాలి, ఇక్కడి అమ్మమ్మ కూడా పిలవగలగాలి. ఆ లెక్కతో మాయ, నీల్, అనిక లాంటి రెండు మూడు అక్షరాల పేర్లు ముందుకొచ్చాయి. పొడుగు పేర్లు కుంచించుకుపోవడం అక్కడ మొదలై ఇక్కడికీ పాకింది.

నక్షత్రం, ఫోను, అర్థం

నక్షత్ర పాదాల అక్షరాలు 27 నాలుగులు 108. వాటిలో ఙ, ఞ, ణ, ఠ లాంటివి పడితే పంతులుగారే దగ్గరి అక్షరానికి సర్దుతారు. ఆశ్లేష పడిందంటే డీ, డూ, డే, డో. వాటితో తెలుగులో పేరు దొరకడం గగనం. అప్పుడు ఫోను తీస్తే డీనా, డేవిడ్, డోరా వరసగా వస్తాయి. పరాయి పేర్లకు పాశ్చాత్య వ్యామోహమే కారణమని తిట్టేవాళ్లు ఈ ఇరుకు సంగతి మర్చిపోతారు.

అసలు గొడవ అర్థాల దగ్గర. పేర్ల జాబితాల్లో ప్రతి పేరుకూ ఎదురుగా ‘సంస్కృతం: దేవి, కాంతి, ప్రియమైనది’ అని రాసి ఉంటుంది. అందులో చాలాభాగం నోటికొచ్చింది రాసిందే. కియారాకు రెండు మూలాలు చెబుతారు. ఇటాలియన్ మూలం లాటిన్ నుంచి వచ్చింది, వెలుగు అని అర్థం. ఐరిష్ మూలానికి నలుపు, చీకటి అని అర్థం. మైరాను సంస్కృతమంటారు గానీ, ఇంగ్లిష్ కవి ఫల్క్ గ్రెవిల్ తన పద్యాల కోసం కల్పించిన పేరది. ర్యాన్ ఐర్లండ్‌లో ఇంటిపేరు. ఆండ్రియా మన దగ్గర అమ్మాయి, ఇటలీలో అబ్బాయి. అర్థం చూసి పేరు పెడుతున్నామనుకునేవాళ్లు ఆ పేరు పుట్టిన భాష నిఘంటువులో చూడాలి, పేర్ల జాబితాలో కాదు.

తెలుగు చెవికి ఎలా తగులుతుందో కూడా చూసుకోవాలి. ‘పాప పేరేంటి?’ అంటే ‘ఏమీ’ అని జవాబొస్తే అడిగినవాళ్లు మళ్లీ అడుగుతారు, ఎందుకంటే ఆ పేరు ఏమీనే. ఇంగ్లిష్‌లో ఏవా ముచ్చటైన పేరే గానీ, దాని అక్షరాలను ఉన్నదున్నట్టు చదివితే ఆవ, పచ్చట్లో వేసేది. లెనిన్‌కు బాబు తోడుండేవాడు, డేవిడ్‌కు రాజు ఉండేవాడు. కొత్త పేర్లు ఒంటరిగా వస్తున్నాయి, లేదంటే నక్షత్రం కోసం శ్రీ, సాయి తగిలించుకుని వస్తున్నాయి.

కాగితం దగ్గర తేడా ఎక్కడ వస్తుంది

జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయాలని 1969 నాటి జనన మరణాల చట్టం చెబుతుంది. ఆస్పత్రిలో పుడితే వివరాలు ఆస్పత్రే పంపుతుంది. ఆ గడువులో పేరు తేలాల్సిన పనేమీ లేదు. పేరు గడి ఖాళీగా ఉంచి నమోదు చేయించవచ్చు. నమోదు తేదీ నుంచి 12 నెలల లోపు రుసుము లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. ఈ 12 నెలలే అసలైన వెసులుబాటు. తొందరపడి ఆస్పత్రి ఫారంలోనే పేరు రాయించేస్తే ఆ తర్వాత దిద్దుబాటు మాత్రమే మిగులుతుంది. దిద్దుబాటు అంటే రాతలో పడిన తప్పు సరిచేయడం. మనసు మారి పేరు మార్చుకోవడం దాని కిందికి రాదు.

2023 అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు జనన ధ్రువీకరణ పత్రం బరువు ఇంకా పెరిగింది. బడిలో చేరడానికి, ఓటుకు, డ్రైవింగ్ లైసెన్సుకు, పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువు ఆ ఒక్క కాగితమే. అందులో పేరు ఎలా పడితే మిగతా అన్నిట్లోనూ అలాగే పడాలి.

పరాయి పేరు తప్పేది సాధారణంగా ఇంగ్లిష్ నుంచి తెలుగుకు దిగేచోట. ఆధార్ నమోదులో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే కింద తెలుగు దానంతటదే వస్తుంది. ఇటాలియన్ పద్ధతిలో సీ, హెచ్, ఐ, ఏ, ఆర్, ఏ అని రాస్తే కియారా కాస్తా చియారా అవుతుంది. షాన్ అనుకుని ఎస్, ఈ, ఏ, ఎన్ రాస్తే సీన్ వస్తుంది. కంప్యూటర్ ముందున్న ఆపరేటరు ఆ తెలుగు గడిని చేత్తో దిద్దగలడు, దిద్దమని మనం అడగాలి. రసీదు మీద రెండు లిపులూ చదివాకే సంతకం పెట్టాలి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే.

కాబట్టి పేరు ఖాయం కాగానే ముందు తెలుగులో రాసుకోవాలి, పలుకు ప్రకారం ఇంగ్లిష్ స్పెల్లింగ్ తర్వాత. ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయాలి, పాస్‌పోర్టులో పొడి అక్షరాలతో తంటా. కియారా శ్రీ అని రెండు ముక్కలు చేస్తారో, కియారాశ్రీ అని కలుపుతారో ఒక్కసారే తేల్చుకోవాలి. మధ్య ఖాళీ ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోతే సరిపోల్చేటప్పుడు తిరగ్గొడతారు. సంఖ్యాశాస్త్రం కోసం ఇంకో ‘ఏ’ కలపాలనుకుంటే అదీ జనన పత్రానికి ముందే జరగాలి. పదో తరగతి పరీక్షకు బడి పంపే విద్యార్థుల జాబితా (నామినల్ రోల్స్) వెళ్లేలోపు బడి రికార్డు సరిచూసుకోవడం ఆఖరి సులువైన మజిలీ. పదో తరగతి మార్కుల మెమో చేతికొచ్చాక పేరు మార్చుకోవాలంటే అఫిడవిట్, పేపర్ ప్రకటన, గెజిట్. అంత చేసినా పాత మెమోలో పాత పేరే ఉంటుంది, గెజిట్ కాపీని వెంట పెట్టుకు తిరగాలి.

విదేశంలో పుట్టిన పిల్లల లెక్క వేరు. విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డులో విదేశీ పాస్‌పోర్టులోని పేరే ఉంటుంది. గుంటూరులో బారసాల చేసి బియ్యంలో రాసిన పేరు ఏ కాగితంలోనూ ఉండదు. తాతగారు ఆ పిలుపు పేరుతోనే మనవరాలికి ఇల్లు రాసిచ్చారంటే, ఇద్దరూ ఒకరేనని రుజువు చేసుకోవడం ఆ పిల్ల మీద పడుతుంది. అందుకే అనుభవమున్న దస్తావేజు లేఖరులు పాస్‌పోర్టు పేరు ముందు రాసి, ‘అలియాస్’ అని బారసాల పేరు పక్కనే చేరుస్తారు.