చొక్కా పొడుగైందా, మనిషి కుంగాడా?

పెదనాన్నకు చొక్కాలన్నీ పొడుగైపోయాయి. ప్యాంట్లు మాత్రం సరిగ్గానే ఉన్నాయి. టైలర్‌కి చూపు ఆనడం లేదని విసుక్కున్నాడు. రెండేళ్ల కిందట గ్యాస్ సిలిండర్ జరపబోతే నడుములో కలుక్కుమంది. కండ పట్టేసిందని బామ్ రాసుకుని ఊరుకున్నాడు. మొన్న ఎక్స్‌రే తీస్తే, రెండు వెన్నుపూసలు ముందువైపు నలిగి, తలుపు కింద దూర్చే చెక్కముక్కల్లా ఏటవాలుగా కనిపించాయి. కాళ్లు ఉన్నంతే ఉన్నాయి, వెన్నే కుంగింది.

ఎముకలు గుల్లబారడం ఆడవాళ్ల జబ్బని మన లెక్క. కానీ 50 దాటిన మగవాళ్లలో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఈ కారణంగా ఎప్పుడో ఒకప్పుడు ఎముక విరుగుతుందని అంచనా. తుంటి విరిగితే ఏడాదిలోపు చనిపోయే ప్రమాదం ఆడవాళ్లకంటే మగవాళ్లకే ఎక్కువ.

ఎముకను గోడలో ఇనుప చువ్వలా ఊహించుకుంటాం. నిజానికి అక్కడ పని ఆగదు. కొన్ని కణాలు పాత ఎముకను తవ్వేస్తుంటే, మరికొన్ని కొత్తది పోస్తుంటాయి. ఎక్కడ పోయాలో చాలావరకు కండ చెబుతుంది. కండ లాగిన ప్రతిసారీ ఎముక రవ్వంత వంగుతుంది, లోపలి కణాలు అది పసిగడతాయి. మోసే బరువును బట్టి ఎముక తనను తాను మలచుకుంటుందని జర్మన్ సర్జన్ జూలియస్ వుల్ఫ్ 1892లోనే రాశాడు. టెన్నిస్ ఆటగాళ్లకు రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతికంటే మందంగా ఉంటుంది. అంతరిక్షంలో బరువే తెలియని వ్యోమగాముల తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా తరిగిపోతుంది. రోజంతా సైకిల్ తొక్కే రేసర్లకు తొడలు ఉక్కులా ఉన్నా, వెన్ను మీద భారం పడక అక్కడ ఎముక పలచబడటం మామూలే.

హార్మోన్ల సంగతి ఇంకా చిత్రం. 1994లో అమెరికా వైద్యులు 28 ఏళ్ల యువకుడి గురించి రాశారు. ఎత్తు 204 సెంటీమీటర్లు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌కు కొదవ లేదు, అయినా ఎముకలు గుల్ల. ఈస్ట్రోజన్ చెప్పేది అతని ఒంటికి వినపడదు, అదీ లోపం. ఆడ హార్మోన్ అని పేరుపెట్టి పక్కన పెట్టినదే మగవాడి ఎముకనూ కాస్తోందని అలా బయటపడింది.

పెదనాన్న విషయంలో దొంగ వేరు. ఆయాసానికి ఏళ్ల తరబడి మింగిన స్టెరాయిడ్ మాత్రలు. వాటిని ఉన్నట్టుండి మానేయడం ఇంకా ప్రమాదం, డాక్టరే చూసి తగ్గించాలి. మద్యం, సిగరెట్, ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే హార్మోన్ చికిత్స కూడా ఇదే పని చేస్తాయి. డెక్సా స్కాన్‌తో ఎముక సాంద్రత తెలుస్తుంది, మందులూ ఉన్నాయి. వెన్ను నలిగినవాళ్లు మాత్రం కండ పెంచాలని వంగి బరువులెత్తకూడదు. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని చేయాలి.

కండబలం చూడటానికి ఇంట్లో కుర్చీ చాలు. చేతులు కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకు మించి పడితే కాళ్లలో సత్తువ తగ్గినట్టు. నేను పక్కన నిలబడి ఫోన్‌లో టైమ్ చూశాను. పెదనాన్నకు 19 పట్టింది.

కుర్చీ మరీ పల్లంగా ఉందన్నాడు.