భీమవరం బిడ్డ ఇచ్చిన బోదకాలు మాత్ర

గోదావరి జిల్లాల్లో బోదకాలు మాత్రలు పంచే రోజుల్లో ఏ గుమ్మం దగ్గరైనా ఒకటే మాట: "అక్కడ పెట్టమ్మా, తర్వాత వేసుకుంటాం." ఆశా కార్యకర్త మాత్రం కదిలేది కాదు. "భోజనం అయింది కదా పిన్నిగారూ, నా ఎదురుగానే వేసేసుకోండి." పెద్దవాళ్లకు బోదకాలు మందు డీఈసీ మూడు, నులిపురుగుల మందు అల్బెండజోల్ ఒకటి. అయినా ఎన్నో ఇళ్లలో అవి కిటికీలోనే ఉండిపోయాయి. మా ఇంట్లోనూ అంతే. జబ్బే లేనప్పుడు మందెందుకని అనుకున్నాం.

ఆ డీఈసీ వెనక ఉన్న మనిషి మన భీమవరంలోనే పుట్టారు. యల్లాప్రగడ సుబ్బారావు, 1895 జనవరి 12. అన్నదమ్ములను స్ప్రూ అనే పేగు జబ్బు పొట్టన పెట్టుకుంది. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో ఏళ్లపాటు పనిచేసి, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు వేల సంఖ్యలో ఫైలేరియా, అంటే బోదకాలు జబ్బు, సోకింది. మన డెల్టాలో తరతరాలుగా ఉన్న జబ్బే అది. ఆయన నడిపించిన పరిశోధన బృందం 1947లో డీఈసీని బయటపెట్టింది. మరుసటి ఏడాది ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో, ఆయన కన్నుమూశారు.

ఈ మందు పనిచేసే తీరు నాకు చాలా ఆశ్చర్యంగా అనిపిస్తుంది. బోదకాలు తెచ్చే పురుగు రక్తంలోకి వదిలే పిల్ల పురుగులను గాజు పాత్రలో ఉంచి డీఈసీ కలిపితే వాటికి పెద్దగా ఏమీ కాదు. అదే మన ఒంట్లోనైతే రోగనిరోధక వ్యవస్థ తోడై వాటిని రక్తంలోంచి ఏరేస్తుంది. మాత్ర వేసుకున్నాక కొందరికి వచ్చే జ్వరం చచ్చిన పురుగుల వల్లే. అది చూసి భయపడి మానేసినవాళ్లున్నారు, పాపం.

టీకా ఇంకా రాలేదు. పెద్ద పురుగు మన రోగనిరోధక శక్తిని జోకొట్టి, శోషరస నాళాల్లో (ఒంట్లో ఊరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాల్లో) ఏళ్ల తరబడి కాపురం చేస్తుంది. ఒళ్లే దాన్ని సహిస్తుంటే, టీకా దేన్ని మేల్కొలపాలన్నది పెద్ద చిక్కు. పిల్ల పురుగులు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, ఈ జబ్బును మోసే మురుగునీటి క్యూలెక్స్ దోమ కుట్టే రాత్రివేళకు చర్మం కిందున్న రక్తంలోకి వస్తాయి. వేలి నుంచి రక్తం చుక్క తీయడానికి ఆరోగ్య సిబ్బంది రాత్రి ఎనిమిది దాటాక తలుపు తట్టేది అందుకే.

వాచి గట్టిపడిన కాలును మాత్ర వెనక్కి తేలేదు. మా పెద్దమ్మ రోజూ సాయంత్రం పెరట్లో పీట వేసుకుని, సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా పాత చీర ముక్కతో ఒక్కో వేలూ తుడుచుకునేది. ఆ తర్వాత కాలు ఎత్తుగా పెట్టుకుని, దీపాల వేళ దాకా అలాగే కూర్చునేది.