కనమ ఉంది, ఏరు లేదు: వెలిగొండ సొరంగాల వెనక కథ

శ్రీశైలం జలాశయం అంచున కొల్లంవాగు దగ్గర మొదలై, నల్లమల కింద 18.8 కిలోమీటర్లు సాగి, పెద్దదోర్నాల మండలం కొత్తూరు వద్ద బయటపడే కృష్ణ నీటిని తెచ్చే రెండు సొరంగాల తవ్వకం ముగిసింది. మొదటిది 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో. ఆ ఏడాది మార్చి 6న రెండింటినీ జాతికి అంకితం చేశారు కూడా. అయితే ఆ రోజుకి మార్కాపురం, కనిగిరి, ఉదయగిరి పొలాల్లో ఒక్క మడి కూడా ఆ నీటితో తడవలేదు. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు చంద్రబాబు నాయుడు తొలి శంకుస్థాపన చేసింది 1996లో. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి మళ్లీ చేశారు. ఇంత ఆలస్యం ఎందుకంటే పార్టీలు ఒకరి వైపు ఒకరు వేలు చూపుతాయి. అందులో నిజం లేకపోలేదు. కానీ ఈ చిక్కుముడి సగం కొండలు వేసిందే. ఆ సగం అర్థం కాకపోతే మిగతా సగం ఎవరు చెప్పినా అర్థం కాదు.

నల్లమల కృష్ణ నుంచి పెన్న వైపు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. దానికి తూర్పున, ఇంచుమించు అదే దిక్కులో, వెలికొండలు నెల్లూరు, కడప సీమల మధ్య గోడలా నిలబడతాయి. ఎత్తు మాటకొస్తే ఇవేమీ ఆకాశాన్ని తాకేవి కావు. గుండ్లబ్రహ్మేశ్వరం, భైరానికొండ లాంటి శిఖరాలు కూడా 3,000 అడుగుల పైచిలుకే. ఈ సీమను దూరం చేసింది ఎత్తు కాదు, వరసలు. ఒక వరస ఎక్కి దిగితే లోయ, లోయ దాటితే ఇంకో వరస. రాయి కడప శిలల తరగతికి చెందినది. గట్టి క్వార్ట్‌జైటు పొరలు గట్లుగా నిలిచాయి, మెత్తని షేలు, పలకరాయి పొరలు అరిగి లోయలయ్యాయి. మార్కాపురం పలకలు దేశమంతా బడిపిల్లల చేతుల్లోకి వెళ్లింది ఈ పొరల పుణ్యమే. అదే పలకరాయి బావి తవ్వేవాడికి మాత్రం శత్రువు. నీరు దాచుకునే గుణం దానికి లేదు. పగుళ్లు దొరికితేనే ఊట.

ఈ లోయల్లో గిద్దలూరు ప్రాంతం ఒక మిట్ట. అక్కడ పుట్టిన సగిలేరు దక్షిణంగా పారి పెన్నలో కలుస్తుంది. గుండ్లబ్రహ్మేశ్వరం దిక్కున పుట్టిన గుండ్లకమ్మ కంభం, మార్కాపురం మీదుగా పోయి, వంపు తిరిగి సముద్రం చేరుతుంది. రెండూ వానాకాలపు ఏళ్లే. నైరుతి మేఘం నల్లమల పడమటి వైపే చాలావరకు దించుకుని తూర్పు వాలుకు తేలికై వస్తుంది. ఈశాన్య వాన ఒంగోలు తీరంలో కుమ్మరించి, వంద కిలోమీటర్లు లోపలికి వచ్చేసరికి నీరసపడుతుంది. రెండు రుతువుల వానా పడే ఉమ్మడి ప్రకాశం జిల్లాలో రెంటికీ దూరమైన పడమటి సీమ ఇది.

ఇక్కడ నెల్లూరుతో పోల్చి చూడాలి. వెలికొండల్ని పెన్న సోమశిల దగ్గర కోసుకుని తూర్పుకు దిగింది. ఎక్కడో కర్ణాటకలో పుట్టిన నది అనంతపురం, కడప సీమల నీటిని మోసుకొచ్చి ఆ ఇరుకులోంచి నెల్లూరు మైదానంలో పోస్తుంది. అందుకే సోమశిలలో 78 టీఎంసీల (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) జలాశయం కట్టగలిగారు. 1983లో మద్రాసుకు తాగునీటి కోసం తెలుగుగంగ ఒప్పందం కుదిరినప్పుడు కూడా ఇంజినీర్లకు దారి వెతుక్కునే అవసరం పెద్దగా రాలేదు. కృష్ణ నీటిని పోతిరెడ్డిపాడు దగ్గర తీసుకుని, నల్లమలకు పడమటి పక్కనే నడిపించి, వెలుగోడు, బ్రహ్మంసాగర్ దిక్కుగా తెచ్చి పెన్నలో వదిలితే, పెన్నే దాన్ని సోమశిలకు చేరుస్తుంది. అక్కడినుంచి 68 టీఎంసీల కండలేరుకు కాలువ. కొండను నది ముందే కోసిపెట్టింది. పశ్చిమ ప్రకాశానికి ఆ అదృష్టం లేదు. ఇక్కడి కొండల్లోనూ కనమలు, అంటే సందులు, ఉన్నాయి, కానీ వాటిలోంచి పారే ఏళ్లన్నీ కొండకు ఇవతలే పుట్టినవి. అవతలి నీటిని తెచ్చే ఏరు ఒక్కటీ లేదు.

ఉన్న సందునే వాడుకుని పాతవాళ్లు ఏం చేయగలిగారో చూడాలంటే కంభం చెరువు కట్ట మీదికి వెళ్లాలి. గుండ్లకమ్మ రెండు గుట్టల మధ్య ఇరుకులోంచి దూరే చోట, 57 అడుగుల ఎత్తున, సుమారు వంద గజాల పొడవున కట్ట వేశారు. కట్టింది చిన్న గోడ, ఆగింది మైళ్ల కొద్దీ నీరు. రెండు చివర్లా బలం పట్టేది కొండ రాయే కాబట్టి మనిషి పోయాల్సిన మట్టీ పేర్చాల్సిన రాయీ తక్కువ. గుండ్లకమ్మతో పాటు జంపలేరు కూడా ఇందులోకే వస్తుంది. దాదాపు 1,100 చదరపు కిలోమీటర్ల మీద పడిన వాన ఈ ఒక్క చెరువుకు చేరాలి. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని ఈ ప్రాంతం చెప్పుకుంటుంది. అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ 2020లో దీన్ని వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. బిరుదు బాగుంది, పూడిక మాత్రం అలాగే ఉంది. కొండవాలు నీరు మట్టితో సహా దిగుతుంది, దిగిన మట్టి నీరు నిలిచే చోటు తింటుంది. అంతకంటే పెద్ద లోపం పుట్టుకలోనే ఉంది. ఎంత పెద్ద చెరువైనా తన కొండ మీద పడిన వాననే తాగాలి. వాన తప్పిన ఏడు కంభం చెరువులో పశువులు మేస్తాయి.

రాయల పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. ఈ కొండల్ని ఆనాటి రాజులు నీటికంటే ముందు కోటలుగా చూశారు. 3,000 అడుగుల పైన ఉన్న ఉదయగిరి దుర్గాన్ని గజపతుల చేతిలోంచి లాక్కోవడానికి రాయలకు ఏడాదికి పైగా ముట్టడి పట్టింది. 1514లో గాని లొంగలేదు. దుర్గం పట్టుకున్నవాడిది తీరం నుంచి రాయలసీమకు పోయే దారి.

దారుల సంగతి తర్వాతి కాలంలో మారింది. గిద్దలూరు నుంచి నంద్యాలకు నందికనమ దాటే బండ్లదారి ఎప్పటినుంచో ఉంది. 1876–78 నాటి కరువు కర్నూలు, బళ్లారి సీమల్ని ఊడ్చేశాక, ధాన్యం కదలకపోవడమే చావులకు పెద్ద కారణమని తేలి, బళ్లారి నుంచి కృష్ణ వైపు రైలు వేయాలని ఆంగ్ల ప్రభుత్వం పూనుకుంది. నంద్యాల దాటాక అడవిలో బొగద సొరంగం, దొరబావి దగ్గర లోయ మీద ఎత్తైన వంతెన 1880ల్లో లేచాయి. మీటర్‌గేజి పోయి బ్రాడ్‌గేజి వచ్చినప్పుడు ఆ వంతెన దారిని వదిలేశారు. కరువు పేరు చెప్పి నల్లమలను తొలవడం వెలిగొండతో మొదలు కాలేదన్న మాట. కాకపోతే రైలు ఎక్కి దిగగలదు. నీరు దిగడమే గాని ఎక్కలేదు. అందుకే రైలుకు చిన్న సొరంగం చాలింది, నీటికి కొండ అడుగునుంచి పోయే 18.8 కిలోమీటర్లు కావలసి వచ్చింది.

పరిపాలన గీతలు కూడా ఈ సీమకు కలిసిరాలేదు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మూడు జిల్లాల అంచుల్ని కోసి కుట్టారు. గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి, కర్నూలు నుంచి మార్కాపురం, కంభం, గిద్దలూరు. 1972లో ప్రకాశం పేరు పెట్టారు. తూర్పున సాగర్ కుడికాలువ కింద వరి పండుతుంటే పడమటి మండలాలు వాన మీదా బోరు మీదా ఆధారపడ్డాయి. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పోరు పెట్టింది ఈ తేడా మీదే. ప్రాజెక్టుకు ఆయన పేరు అందుకే.

బోర్ల కథ విడిగా చెప్పాలి. కొండలు దిగి కనిగిరి, పొదిలి, పామూరు వైపు వస్తే రాయి మారుతుంది. పలక పోయి గ్రానైటు, నైస్ మొదలవుతాయి. వాటిలోని ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు నీటిలో మెల్లగా కరుగుతాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ, నీరు రాతిలో ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. కాల్షియం సున్నపు పొరగా విడిపోయిన కొద్దీ ఫ్లోరైడు ఇంకా పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. బోరు లోతు పెంచితే మంచినీరు పడుతుందన్న ఆశ ఇక్కడ తరచూ తలకిందులవుతుంది. లోతు పెరిగిన కొద్దీ రాతిలో ఎక్కువ కాలం నానిన నీరే పైకి వస్తుంది. కాచి తాగినా లాభం లేదు. ఆవిరైన కొద్దీ ఫ్లోరైడు చిక్కబడుతుంది. పిల్లల పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు, పెద్దల్లో వంగని నడుములు ఇక్కడ కొత్త కాదు. కాబట్టి వెలిగొండను ఉత్త సాగునీటి పథకంగా చూడకూడదు. 30 మండలాల్లో 15.25 లక్షల మందికి తాగునీరు అన్న లెక్క ప్రాజెక్టు పత్రంలో ఆయకట్టు పక్కనే ఉంటుంది. నా దృష్టిలో దాని స్థానం ఆయకట్టుకు ముందు.

ఇక పథకం లెక్క. శ్రీశైలానికి వరద వచ్చే రోజుల్లో 45 రోజులపాటు 43.5 టీఎంసీలు తీసుకోవాలి. ఒక టీఎంసీ కావాలంటే రోజంతా దాదాపు 11,574 క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు) పారాలి. 7 మీటర్ల వ్యాసమున్న మొదటి సొరంగం 3,000 క్యూసెక్కులు, 9.2 మీటర్ల రెండోది 8,500 క్యూసెక్కుల పైన మోస్తే రోజుకు ఒక టీఎంసీ వస్తుంది. కొత్తూరు దగ్గర బయటపడ్డ నీరు దాదాపు 22 కిలోమీటర్ల ఫీడర్ కాలువలో నడిచి నల్లమలసాగర్ చేరుతుంది. ఈ జలాశయం మళ్లీ కంభం చెరువు సూత్రమే. తూర్పు వరసలో సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గరున్న మూడు సందుల్ని ఆనకట్టలతో మూస్తే లోయ 53.85 టీఎంసీల తొట్టి అవుతుంది. అయిదు వందల ఏళ్ల తర్వాత తేడా ఒక్కటే, తొట్టి నింపే నీరు బయటినుంచి వస్తుంది. దీని కింద 4,47,300 ఎకరాలు. ప్రకాశంలో 3.36 లక్షలు, నెల్లూరులో 84 వేలు, కడపలో 27 వేల పైచిలుకు.

సొరంగం ఇంతకాలం ఎందుకు పట్టింది? పొడవాటి సొరంగాన్ని మామూలుగా రెండు కొసల నుంచే కాక, మధ్య మధ్య పైనుంచి బావులో పక్కనుంచి దారులో తవ్వి, ఒకేసారి నాలుగైదు చోట్ల పని చేస్తారు. ఇక్కడ నెత్తిన ఉన్నది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. 1978లో అభయారణ్యం, 1983 నుంచి ప్రాజెక్టు టైగర్‌లో భాగం, చెంచు పెంటల (గూడేల) నేల. అడవి పైనుంచి బావులు దింపే ఆలోచనకే చోటు లేదు. అందుకే టీబీఎంను, అంటే సొరంగం తొలిచే భారీ యంత్రాన్ని, ఎంచుకున్నారు. దాని ముందుభాగంలో తిరిగే ఉక్కు కట్టర్లు రాయిని గీకుతాయి, పొడి బెల్టు మీద వెనక్కి పోతుంది, తవ్విన మేర కాంక్రీటు సెగ్మెంట్లను వలయంగా బిగిస్తారు. ఒకే రకం రాయి అయితే దీనికి సాటి లేదు. నల్లమలలో పొరపొరకూ రాయి మారుతుంది. క్వార్ట్‌జైటులో కట్టర్లు అరిగిపోతాయి, మార్చేదాకా పని ఆగుతుంది. షేలు పొరల్లో, పగుళ్ల దగ్గర పైకప్పు వదులై మిషన్ ఒంటి మీదే కూలుతుంది, ఊట నీరు బురదను తోడు తెస్తుంది. ఇరుక్కున్న మిషన్‌ను వెనక్కి లాగడానికి లేదు, వెనక సెగ్మెంట్లు దారిని ఇరుకు చేసేశాయి. విడిభాగం కావాలన్నా, గాలి కావాలన్నా కిలోమీటర్ల అవతలి ముఖద్వారం నుంచే రావాలి. రెండో సొరంగంలో మిషన్ మొరాయించాక మిగిలిన మేర మందుగుండుతో పేల్చి తవ్వారు. అలా తవ్విన చోట సెగ్మెంట్లు ఉండవు. విడిగా కాంక్రీటు లైనింగు పోయాలి, లోపల మిగిలిన మిషన్‌ను కోసి బయటికి తీయాలి. కొసలు కలిశాయన్న వార్తకూ నీరు పారే సొరంగానికీ మధ్య ఇంత పని ఉంది.

సొరంగం పూర్తయినా నీటి హక్కు ప్రశ్న ఉంది. కృష్ణ నీటిని రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి నికరంగా, అంటే ఖాయమైన వాటాగా, ఇచ్చిన 811 టీఎంసీల్లో వెలిగొండకు వాటా లేదు. మిగులు జలాలు వాడుకోవచ్చు గాని వాటిమీద హక్కు పుట్టదన్నది ఆ తీర్పు షరతు. వెలిగొండ లెక్కంతా ఆ మిగులు మీదే. పైగా నీరు వెళ్లేది కృష్ణా పరీవాహకం బయటికి. 2014 విభజన చట్టం పదకొండో షెడ్యూలులో తెలుగుగంగ, హంద్రీ–నీవా, గాలేరు–నగరి, కల్వకుర్తి, నెట్టెంపాడులతో పాటు వెలిగొండ పేరు కూడా చేరింది. ప్రాజెక్టుకు చట్టం అండ దొరికింది, నికర జలం మాత్రం దొరకలేదు. ఎగువ నిండక శ్రీశైలానికి వరద రాని ఏడు 45 రోజుల లెక్క కాగితం మీదే మిగులుతుంది.

ముంపు ఊళ్లది ఇంకో లెక్క. సుంకేశుల, గుండంచర్ల, కలనూతల, గొట్టిపడియ సహా 11 గ్రామాలు ఖాళీ అయితేగాని ఆనకట్టల వెనక నీరు నిలపలేరు. భూమికి పరిహారం ముట్టి ఏళ్లు గడిచాక కూడా జనం కదలకపోవడానికి కారణం మొండితనం కాదు. పద్దెనిమిదేళ్లు నిండినవారిని విడి కుటుంబంగా లెక్కించే తేదీ ఏదన్నదే తగాదా. పని సాగిన కొద్దీ అప్పటి పిల్లలు పెళ్లిళ్లయి పిల్లల్ని కన్నారు, పాత జాబితాలో వాళ్ల పేర్లు లేవు. ఆలస్యం ఖర్చును ఏటా పెంచిన పద్దుల్లో ఇదొకటి, దీనికి ఏ మిషనూ అడ్డం రాలేదు.

తొలి దశలో మొదటి సొరంగం ఒక్కదానితో 1.19 లక్షల ఎకరాలకు నీరివ్వాలని అనుకున్నారు. 3,000 క్యూసెక్కులు 45 రోజులు ఆగకుండా పారితే వచ్చేది 11.7 టీఎంసీలు. ఆ మేరకు లెక్క సరిపోతుంది. మిగతా 3.28 లక్షల ఎకరాలు రెండో సొరంగం లైనింగు మీద, ఫీడర్ కాలువ గట్ల బలం మీద, పొలాల్లోకి తవ్వాల్సిన పిల్లకాలువల మీద ఆధారపడ్డాయి. కాలువల కొసన ఉన్న ఉదయగిరి సీమ ఆ మిగతా లెక్కలోదే.