కాఫీ మీద కూడా ఆంక్ష ఉండేది

2000లో సిడ్నీ ఒలింపిక్స్. రుమేనియాకి చెందిన పదహారేళ్ల ఆండ్రియా రదుకాన్ జిమ్నాస్టిక్స్ ఆల్‌రౌండ్ విభాగంలో స్వర్ణం గెలిచింది. కొద్ది రోజులకే ఆ పతకం తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది. జలుబు చేస్తే జట్టు డాక్టరు ఇచ్చిన మాత్రలో సూడోఎఫిడ్రిన్ ఉంది. అప్పట్లో అది నిషిద్ధ పదార్థం. ఆ చిన్నపిల్ల గురించి చదివినప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అదే జాబితాలో మనం పొద్దున్నే తాగే కాఫీలోని కెఫీన్ కూడా ఉండేదంటే చాలామంది నమ్మరు. మూత్రంలో మిల్లీలీటరుకి 12 మైక్రోగ్రాములు దాటితే క్రీడాకారుడు దొరికిపోయినట్టే. 2004 జనవరి నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 'వాడా' దాన్ని జాబితాలోంచి తీసేసింది. ఇప్పుడు ఎవరు ఎంత వాడుతున్నారో గమనిస్తుంది, అంతే. పనిచేయదని తేలి తీసేయలేదు. ఆ పరిమితికి లోబడిన మోతాదులోనే కెఫీన్ బాగా పనిచేస్తుంది.

ఎలా పనిచేస్తుందో చూద్దాం. మెలకువగా ఉన్నంతసేపూ మెదడు శక్తిని ఖర్చు పెడుతూనే ఉంటుంది. ఆ ఖర్చులో కణాలకి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు విడిపోతూ పోయి అడినోసిన్ మిగులుతుంది. పొద్దుపోయే కొద్దీ అది పేరుకుంటుంది. నాడీకణాల మీద దానికోసమే ఉన్న రిసెప్టర్లలో కుదురుకుని, కణాల జోరు తగ్గిస్తుంది. మనకి ఆవలింతలు మొదలవుతాయి. కెఫీన్ ఆకారం అడినోసిన్‌ని పోలి ఉంటుంది కాబట్టి ఆ రిసెప్టర్లలో అదీ పడుతుంది, కానీ జోరు మాత్రం తగ్గించదు. రద్దీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుతారు చూడండి, అలాంటిదే. అడినోసిన్ ఎక్కడికీ పోదు, నిలబడి ఉంటుంది. కర్చీఫ్ తీయగానే నిలబడ్డవాళ్లంతా ఒక్కసారిగా కూర్చుంటారు. కాఫీ ప్రభావం దిగాక మీదపడే నీరసం అదే.

అంటే కెఫీన్ కొత్తగా శక్తి ఇవ్వదు. అలసట తెలియకుండా చేస్తుంది. పరుగు, సైక్లింగ్ లాంటి దూరపు పోటీల్లో కావలసింది సరిగ్గా ఇదే. శరీర బరువులో కిలోకి 3 నుంచి 6 మిల్లీగ్రాముల చొప్పున, పోటీకి గంట ముందు తీసుకుంటే ఫలితం కనిపిస్తుందని ఎన్నో ప్రయోగాలు చెబుతున్నాయి. 60 కిలోల మనిషికి తక్కువలో తక్కువ 180 మిల్లీగ్రాములు. కప్పు కాఫీలో దాదాపు 80 నుంచి 100 ఉంటుంది, డికాషన్ చిక్కదనాన్ని బట్టి అటూఇటూ అవుతుంది. మోతాదు కిలోకి 9 దాకా పెంచినా లాభం పెరగదు, గుండెదడ, చేతుల వణుకు మాత్రం పెరుగుతాయి.

ఇక చదువుల సంగతి. ఇంటర్ పరీక్షలప్పుడు మా ఇంట్లో రాత్రి పదకొండుకి ఫ్లాస్కు నిండా టీ సిద్ధంగా ఉండేది. ఇప్పుడు పిల్లలు ఎనర్జీ డ్రింకుల దాకా వెళ్లారు. మన దేశ నిబంధనల ప్రకారం వాటిలో లీటరుకి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చు. కొందరు ఇంకా ముందుకెళ్లి మొడాఫినిల్ మాత్రల గురించి వాకబు చేస్తున్నారు. పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బుకి డాక్టర్లు రాసే మందు అది. 2003 ప్రపంచ అథ్లెటిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన అమెరికా స్ప్రింటర్ కెల్లీ వైట్ పరీక్షలో దొరికింది దానితోనే. డాక్టరు చెప్పకుండా దాని జోలికి అస్సలు పోకూడదు.

పరుగు పందెం గీత దాటగానే అయిపోతుంది, క్రీడాకారుడు వెళ్లి పడుకుంటాడు. చదువు అలా కాదు. పగలు చదివింది జ్ఞాపకంగా గట్టిపడేది నిద్రలోనే. అలసటను దాచిపెట్టి ఆ నిద్రను కోసేస్తే, చదివిన పని సగంలో ఆగిపోతుంది.

లెక్క వేసి చూడండి. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. కొందరికి మూడే, కొందరికి ఇంకా ఎక్కువ. గర్భిణులకైతే బాగా ఎక్కువ. రాత్రి 11కి 200 మిల్లీగ్రాములు తాగిన కుర్రాడి ఒంట్లో తెల్లవారుజామున 4కి ఇంకా 100 ఉంటాయి. అప్పుడు పడుకున్నా గాఢనిద్ర సరిగా పట్టదు. ఉదయం 9కి ప్రశ్నపత్రం చేతికొచ్చేసరికి ఇంకా 50 మిగిలే ఉంటాయి.