చుట్టుదారిలో రెండు గంటల లాభం

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానం దారి మార్చింది. అంతవరకు అది పడమరగా, అట్లాంటిక్ మీదుగా దాదాపు 13,900 కిలోమీటర్లు వెళ్లేది. దారి మార్చాక తూర్పుగా, పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు వెళ్లింది. అంటే 1,400 కిలోమీటర్ల చుట్టు. అయినా సుమారు పద్నాలుగున్నర గంటల్లో, పాత దారికన్నా దాదాపు రెండు గంటలు ముందుగా దిగింది. దూరాన్ని వేగంతో భాగిస్తే సమయం వస్తుందని బడిలో నేర్చుకున్న లెక్క ఇక్కడ తప్పిందా?

తప్పలేదు. ఎవరి వేగమన్నదే ప్రశ్న.

ముందు దూరం సంగతి. గ్లోబు మీద ఈ రెండు ఊళ్లనూ కలుపుతూ ఒక దారం బిగించి పట్టుకోండి. అది దాదాపు ఉత్తరానికే ఎక్కి, సైబీరియా దాటి, ఆర్కిటిక్ మహాసముద్రం మీదుగా అలాస్కా వైపు దిగుతుంది. పొడవు 12,400 కిలోమీటర్లకు అటూ ఇటూ. గోడ పటంలో ఈ దారి దగ్గరిదని తోచదు. గుండ్రటి భూమిని చదును చేసినప్పుడు ధ్రువాల వైపు ప్రాంతాలు సాగిపోతాయి. అయితే ఎత్తయిన పర్వతాలు, దేశాల అనుమతులు, ఆపదలో దిగే చోట్లు చూసుకోవాల్సిన విమానం అచ్చంగా దారం వెంటే పోలేదు.

ఇక సమయం. 15,300ను పద్నాలుగున్నరతో భాగిస్తే గంటకు 1,055 కిలోమీటర్లు. పెద్ద ప్రయాణికుల విమానం గాలిలో వెళ్లే వేగం దాదాపు 900. మిగిలిన 155 ఎక్కడిది? ఏటివాలున పోయే పడవకు ప్రవాహం ఇచ్చినట్టే, విమానానికి గాలి ఇచ్చింది. సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే ఈ గాలినదిని జెట్ స్ట్రీమ్ అంటారు. ఉష్ణమండలపు వేడికీ ధ్రువాల చలికీ ఉన్న తేడా దాన్ని పుట్టిస్తుంది, భూభ్రమణం తూర్పుకు మళ్లిస్తుంది. చలికాలంలో ఆ తేడా పెరిగి గాలి మరింత బలపడుతుంది.

భూమి కింద తిరిగిపోతుంది కాబట్టే ప్రయాణ సమయం మారుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు, భూమితోపాటు వాతావరణమూ తిరుగుతుంది.

ఈ గాలులను 1920లలోనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసాబురో ఓయిషి బెలూన్లు ఎగరేసి కొలిచారు. ప్రపంచమంతా చదవాలని, అన్ని దేశాలవారికీ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన ఎస్పరాంతో భాషలో ప్రచురించారు. ఆ భాష చదివేవారే తక్కువ. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్ మీదికి వెళ్లిన అమెరికా బాంబర్లకు ఆ గాలి ఎదురయ్యాక గానీ దాని బలం లోకానికి బాగా తెలియలేదు. ఆ కొలతలు ఎంత విలువైనవో తలచుకుంటే బాధ కలుగుతుంది.

ఇప్పుడు ప్రతి విమానానికీ ఆ రోజు పై గాలుల అంచనా చూసే దారి గీస్తారు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి అదే పసిఫిక్ దారిలో, గాలి అంతే బలంగా ఉండగా ఢిల్లీకి ఎదురీదాలంటే 900 నుంచి 155 తీసేయాలి. గంటకు 745 కిలోమీటర్లు. ప్రయాణం ఇరవై గంటలు దాటుతుంది.