ఆపరేషన్ ఒక్కటే దారి కాదు: కుటుంబ నియంత్రణపై అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లా తీర గ్రామాల్లో కుటుంబ నియంత్రణ సలహాలు ఇచ్చే నర్సుగా నేను తరచూ వినే మాట, "ఇద్దరు పుట్టారు, ఇక ఆపరేషన్ చేసేయండమ్మా" అన్నది.

అపోహ: కుటుంబ నియంత్రణ అంటే ఆడవారి ఆపరేషనే.

వాస్తవం: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే కాగా, మగవారి ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. గర్భనాళాలను మూసే ఈ ఆడవారి ఆపరేషన్, అంటే ట్యూబెక్టమీ, మంచి పద్ధతే. అయితే అది శాశ్వతమనీ, నాళాలను మళ్లీ కలిపించుకున్నా గర్భం నిలుస్తుందన్న హామీ లేదనీ, నిరోధ్ (కండోమ్), మాలా-ఎన్, ఛాయ మాత్రలు, అంతర ఇంజెక్షన్, గర్భసంచిలో అమర్చే కాపర్-టి కూడా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా దొరుకుతాయనీ తెలియకుండా ఒప్పుకున్న ఇరవై రెండేళ్ల అమ్మాయి తన ఇష్టంతో ఎంచుకున్నదని నేను అనలేను.

అపోహ: కాపర్-టి కడుపులోంచి గుండెకు పోతుంది.

వాస్తవం: ఈ భయానికి నేను ముందుగా మాటలతో జవాబు చెప్పను, కాపర్-టిని ఆమె అరచేతిలో పెడతాను. సన్నని రాగితీగ చుట్టిన ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కను అటూఇటూ తిప్పి చూసి, "ఇంతేనా?" అంటారు చాలామంది. గర్భసంచి నుంచి గుండెకు దారి లేదు. 380ఏ రకం పదేళ్లు పనిచేస్తుంది, తీయించుకున్న వెంటనే గర్భం ధరించే శక్తి తిరిగి వస్తుంది. మొదటి కొన్ని నెలలు నెలసరిలో రక్తస్రావం, నొప్పి ఎక్కువ కావచ్చన్న సంగతిని మాత్రం దాచకూడదు. రక్తహీనత ఉన్నవారికి అది చిన్న విషయం కాదు.

అపోహ: అంతర ఇంజెక్షన్‌తో నెలసరి ఆగితే చెడు రక్తం లోపలే ఉండిపోతుంది.

వాస్తవం: గర్భసంచి లోపలి పొర పల్చబడటం వల్ల నెలసరి రాదు, కాబట్టి లోపల నిలిచిపోయే రక్తమే ఉండదు. ఈ ఇంజెక్షన్ మూడు నెలలకోసారి వేయించుకోవాలి. మానేశాక గర్భం రావడానికి చాలా నెలలు పట్టవచ్చు గనుక, త్వరలో బిడ్డ కావాలనుకునేవారికి ఈ మాట ముందే చెప్పాలి.

అపోహ: భర్త ఊళ్లో లేనప్పుడు మాత్రలు మానేసి, వచ్చిన రోజున మొదలుపెడితే చాలు.

వాస్తవం: గుజరాత్‌లోని వేరావల్ పడవల మీదకు వలస వెళ్లే మత్స్యకారుల ఇళ్లలో ఇది ఎక్కువ. మాలా-ఎన్‌ను నెలసరి మొదటి 5 రోజుల్లో కాక మరెప్పుడు మొదలుపెట్టినా 7 రోజులు నిరోధ్ కూడా వాడాలి. అందుకే ఆయన వచ్చే నెలలేవో నేను ముందే అడుగుతాను.

అపోహ: వేసెక్టమీ చేయించుకున్న మగవాడు వల లాగలేడు.

వాస్తవం: కోత, కుట్టు లేని ఈ ఆపరేషన్ వృషణాలను తాకదు, బలమూ మగతనమూ తగ్గవు. ఫలితం మాత్రం వెంటనే రాదు. మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్య పరీక్ష చేయించుకోవాలి.

అపోహ: భర్త సంతకం లేనిదే ఆపరేషన్ చేయరు.

వాస్తవం: ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం చేయించుకునేవారి సమ్మతి చాలు, జీవిత భాగస్వామి సంతకం అవసరం లేదు. అయినా పక్కనే అత్తగారు కూర్చుని జవాబులన్నీ తానే చెబుతుంటే, "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి" అని మర్యాదగా పంపించి, తలుపు దగ్గరకు వేసి, కోడలిని మొదటి ప్రశ్న నుంచి మళ్లీ అడుగుతాను.