జేబులో పట్టే రక్షణ పెట్టె

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. కొండలకూ అడవులకూ వెళ్లేటప్పుడు జేబులో ఉంచుకునే ఆపత్కాలపు పెట్టెలో ఏమేం పెట్టుకోవాలని అడిగారు. చెబుతాను. ఆ పెట్టె ఏం చేయలేదో కూడా చెబుతాను, ఎందుకంటే నాకు ఎక్కువ దిగులు దాని గురించే.

దాని గొప్పతనమంతా చిన్నగా ఉండటంలోనే ఉంది. వీపు సంచిలో ఎంత మంచి సామాను ఉన్నా, వాగు దాటుతుండగా సంచి కొట్టుకుపోతే ఒంటి మీద ఉన్నదే మిగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ విమాన సిబ్బందికి ఇలాంటి పెట్టెలు ఇచ్చింది అందుకే. శత్రువుల నేల మీద దిగాల్సి వస్తే పనికొచ్చేలా వాటిలో చిన్న దిక్సూచి, పాలబిళ్లలు, అగ్గిపుల్లలు, నీటిని శుద్ధి చేసే మాత్రలు, నీళ్లు పట్టుకోవడానికి ఒక సంచి పెట్టేవారు.

నన్నడిగితే అన్నిటికంటే ముందు ఈల. అది పెట్టెలో కాదు, మెడలో ఉండాలి. అరిచి అరిచి గొంతు పోతుంది కానీ ఈల ఊదడానికి ఊపిరి ఉంటే చాలు. అరుపుకంటే దూరం వినిపిస్తుంది కూడా. లోపల గోళీ లేని రకం కొనండి, తడిసినా మోగుతుంది. మూడుసార్లు ఊది, ఆగి, చెవి ఒగ్గి వినండి. వినడం మరిచిపోతే వెతికేవాళ్ల జవాబు మీకు అందదు. ఎండ ఉంటే చిన్న అద్దం మెరుపు కిలోమీటర్ల దూరం కనిపిస్తుంది.

గాలాలు, తీగ రంపం చాలామంది పెట్టుకుంటారు. నేనైతే తీసేస్తాను. ఆరోగ్యంగా ఉన్న మనిషి తిండి లేకుండా కొన్ని రోజులు నిలబడగలడు, తడి బట్టలతో చలిగాలిలో ఒక్క రాత్రి గడపడం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. గాలాల చోటులో మడతపెట్టిన పెద్ద ప్లాస్టిక్ సంచి పెట్టండి. అడుగు మూల కోసి ముఖం బయటికి ఉంచి తొడుక్కుంటే వానా గాలీ ఆగుతాయి. ముఖం మాత్రం ఎప్పుడూ కప్పుకోకండి. కింద ఎండుటాకులు మందంగా పరుచుకుని కూర్చోండి, నేల ఒంటి వేడిని లాగేస్తుంది.

ఇక పెట్టె చేయలేనివి. అందులో నీళ్లు పట్టవు. మాత్రలు ఉంటాయి, కానీ అవి నీటిని పుట్టించవు. దొరికిన నీరు బురదగా ఉంటే ముందు గుడ్డలో వడకట్టాలి, మాత్ర వేశాక పొట్లం మీద రాసినంతసేపు ఆగాలి. పురుగుమందులు, కర్మాగారాల వ్యర్థాలు కలిసిన నీటిని ఆ మాత్ర బాగుచేయలేదు. గుండీ అంత దిక్సూచి ఉత్తరం ఎటో చెబుతుంది, మీరెక్కడున్నారో చెప్పదు. విరిగిన కాలికి అందులోని చిన్న పట్టీ చాలదు.

అందుకే ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో కాగితం మీద రాసి పెట్టి వెళ్లండి. దారి తప్పామని తెలిసిన క్షణంలో, ఉన్నచోట ప్రమాదం లేకపోతే, అక్కడే ఆగిపోండి. నడిచినకొద్దీ వెతకాల్సిన చోటు పెరుగుతుంది. పెట్టె పని మిమ్మల్ని ఇంటికి చేర్చడం కాదు. వెతికేవాళ్లు వచ్చేదాకా మిమ్మల్ని పొడిగా ఉంచి, మీ జాడ చెప్పడం.

నిప్పు రాజేసే కడ్డీ కొంటే పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని, వానాకాలంలో తడి పుల్లలతో ఒకసారి ప్రయత్నించండి. ఆరు నెలలకోసారి పెట్టె తెరిచి మాత్రల గడువు, చిన్న దీపం పెట్టుకుని ఉంటే దాని బ్యాటరీ చూడండి. పెట్టెలో బ్లేడు ఉంటే, బడికీ విమానానికీ వెళ్లేటప్పుడు దాన్ని తీసేయడం మరవకండి.

మీ తాతయ్య